ఎడమచేతి క్లా, తుడిచెయ్యాల్సిన బొమ్మలు

అమెరికా నైరుతిలోని నవహో ఆదివాసీల్లో గాయక వైద్యులుగా, నేతగాళ్ళుగా పేరుపడ్డవారు హస్తీన్ క్లా. ఆ పేరు దగ్గరే చిక్కు మొదలవుతుంది. నవహో భాషలో 'క్లా' అంటే ఎడమచేతివాటం. 'హస్తీన్' అంటే మగమనిషి, పెద్దమనిషి. మనం 'గారు' అన్నట్టు మర్యాదకు వాడతారు, కాకపోతే మగవాళ్ళకే. ఆ మాటను పేరుకు ముందు మోసిన ఈ మనిషే నాద్లేహీ కూడా. మారుతూ ఉండే మనిషి అని దాని అర్థం. ఆడా మగా అనే రెండు గళ్ళలో దేనిలోనూ సరిగ్గా ఇమడనివాళ్ళకు నవహోలు ఎప్పటినుంచో పెట్టుకున్న పేరు అది.

ఇంగ్లీషు పుస్తకాలు క్లాను మగవాడిగానే రాసుకుంటూ వచ్చాయి. నవహో భాషలో ప్రథమపురుష సర్వనామానికి ఆడ, మగ తేడా లేదు కాబట్టి అక్కడ ఈ ఇబ్బందే రాదు. తెలుగులో ఇంగ్లీషు కంటే ఇరకాటం ఎక్కువ. సర్వనామం తప్పించుకున్నా క్రియ పట్టిస్తుంది: 'నేశాడు' అనాలి, లేదా 'నేసింది' అనాలి. మిగిలిన దారి మర్యాద బహువచనం. అందుకని ఇక్కడ క్లా నేశారు, పాడారు, నేర్పారు. చుట్టరికాల దగ్గర మళ్ళీ అదే తంటా. క్లా దగ్గర నేత నేర్చుకున్న తోబుట్టువు కూతుళ్ళను మేనకోడళ్ళు అన్నామా, క్లా మేనమామ అయిపోతారు. కూతుళ్ళు అన్నామా, పిన్నో పెద్దమ్మో అవుతారు. భాష ఎక్కడ ఇబ్బంది పడుతోందో చూసుకుంటూ పోవడం మంచిదే. మ్యూజియం కార్డుల మీద పొరపాట్లు కూడా సరిగ్గా ఆ చోట్లలోనే జరిగాయి.

క్లా మీద వచ్చిన రాతల్లో చాలావాటికి నాద్లేహీ సంగతి పక్కన తగిలించిన ఒక వింత వివరం. 1964లో అచ్చయిన పేరున్న జీవితచరిత్ర శీర్షికలో 'మంత్రవైద్యుడు, ఇసుక చిత్రకారుడు' అని ఉంది. నాద్లేహీ అన్న మాట లేదు సరే, నేతగాళ్ళన్న మాట కూడా లేదు. నా వాదన దీనికి తిరగబడి ఉంటుంది. క్లా నాద్లేహీ కాకపోయి ఉంటే ఇవాళ మ్యూజియాల్లో గాజు వెనక ఉన్న ఆ పెద్ద నేతలు పుట్టేవే కావు. అది జీవితంలో ఒక వివరం కాదు, ఆ పనికి కారణమే అది.

ఎలాగో చెప్పాలంటే రెండు పనుల గురించి కాస్త లోతుగా తెలియాలి. ఒకటి ఇసుక బొమ్మ. రెండోది మగ్గం.

నవహో వైద్యం పాటలతో నడుస్తుంది. రోగం అంటే మనిషికీ లోకానికీ మధ్య పొందిక చెడటం. ఆ పొందికను మళ్ళీ కుదర్చడానికి గాయక వైద్యులు కొన్ని రాత్రుల పాటు క్రతువు చేస్తారు. పెద్దవి తొమ్మిది రాత్రులు. వందల పాటలు, వాటి వరస, మధ్యలో పొడులు, మూలికల కషాయాలు, ప్రార్థనకర్రలు, ఇసుక బొమ్మలు, అన్నీ ధారణలోనే ఉండాలి. కాగితం ముక్క ఉండదు. ఒక్క పాట తప్పినా రోగికీ, పాడినవాళ్ళకీ కీడు అని నమ్మకం. ఒక పెద్ద క్రతువు పూర్తిగా పట్టుబడడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే చాలామంది ఒకటో రెండో నేర్చుకుని ఆగిపోతారు. వడగళ్ళ క్రతువు, రాత్రి క్రతువు, ఇంకా కొన్నిటిని క్లా పట్టారు. పాతికేళ్ళు దాటిన చదువు తర్వాత 1917లో సొంతంగా తొమ్మిది రాత్రుల పెద్ద క్రతువు నిలబెట్టారు. అప్పటికి యాభైకి దగ్గర పడ్డారు.

ఇసుక బొమ్మను ముగ్గుతో పోల్చబోతాం. చేతివేళ్ళ వరకూ ఆ పోలిక చెల్లుతుంది: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పొడి సన్నగా జారాలి, చెయ్యి వణకకూడదు. అక్కడితో పోలిక ఆపెయ్యాలి. హోగన్ అనే గుండ్రటి ఇంట్లో నేలమీద శుభ్రమైన ఇసుక తెచ్చి రెండు మూడు అంగుళాల మందాన పరుస్తారు. దాన్ని చదును చేసే చెక్క ఏదో గమనించండి: ఆడవాళ్ళు మగ్గం మీద పేకను దిగ్గొట్టే నున్నటి బల్లచెక్క. మగవాళ్ళ పనిగా చెప్పుకునే ఇసుక బొమ్మ మొదలయ్యేదే ఆడవాళ్ళ మగ్గం చెక్కతో.

రంగులన్నీ రాయి నూరినవే. ఎరుపు, పసుపు ఇసుకరాయి నుంచి, తెలుపు జిప్సం లాంటి తెల్లరాయి నుంచి వస్తాయి. నలుపుకు బొగ్గు. వట్టి బొగ్గుపొడి తేలిక, గాలికి లేస్తుంది, గీత పట్టదు. అందుకని బరువు కోసం ఇసుక కలుపుతారు. నీలం అనేది నిజానికి నీలం కాదు. బొగ్గు, తెల్లపొడి కలిపితే వచ్చే బూడిద రంగు పసుపు పక్కన పడ్డప్పుడు కంటికి నీలంగా కనబడుతుంది. ఈ పొడుల్ని చెట్టుబెరడు ముక్కల్లో పెట్టుకుని నలుగురైదుగురు కూర్చుంటారు. నడి మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, సూర్యుడు తిరిగే దిక్కుగా నడుస్తారు. పొడుగు గీతలకు దారం లాగి పట్టుకుంటారు. కొలతలు జానలతోనే. ఆరడుగుల బొమ్మకు కొన్ని గంటలు పడుతుంది. పెద్దవి ఇరవై అడుగుల దాకా పోతాయి. తప్పు పడితే చెరపరు. దానిమీద అడుగు ఇసుకే మళ్ళీ చల్లి కప్పేసి, కొత్తగా గీస్తారు.

దేవతల బొమ్మల్ని ముందు వట్టి శరీరంగా పోసి, దానిపైన బట్టలు పోస్తారు, బట్టల మీద నగలు. అంటే లోపల దేహం ఉంది, కానీ పూర్తయ్యాక కనబడదు. బొమ్మ చుట్టూ మూడువైపులా ఇంద్రధనుస్సు కాపలా ఉంటుంది. తూర్పు వైపు తెరిచి ఉంటుంది, దేవతలు వచ్చేది అటునుంచే. రోగి వచ్చి ఆ బొమ్మ మీదే కూర్చుంటారు. గాయకులు మూలికల నీటితో చెయ్యి తడుపుకుని బొమ్మలోని పాదాన్ని తాకి రోగి పాదానికీ, బొమ్మ తలను తాకి రోగి తలకూ అద్దుతారు. అది అయ్యేసరికి బొమ్మ చెదిరిపోతుంది. మిగిలిన ఇసుకను ఎత్తి బయట దూరంగా పారబోస్తారు. పగటి బొమ్మ పొద్దుగూకే దాకా ఉండకూడదు. చూడడానికి గీసింది కాదు అది, వాడడానికి గీసింది. వాడితే అరిగిపోతుంది.

ఇక మగ్గం. నవహోల్లో నేత ఎక్కువగా ఆడవాళ్ళది, పెద్ద క్రతువుల గానం ఎక్కువగా మగవాళ్ళది. రెండూ పూర్తిగా పట్టుబడే వీలు ఒక జీవితంలో నాద్లేహీకి ఉంది. పుట్టుక కథలో కూడా ఆ చోటు వాళ్ళదే. ఆడవాళ్ళూ మగవాళ్ళూ దెబ్బలాడుకుని ఏటికి చెరో గట్టూ పట్టినప్పుడు రెండువైపుల పనులూ తెలిసినవాళ్ళుగా నిలబడింది నాద్లేహీలే. క్లా చెప్పిన సృష్టికథలో బెగోచిడీ అనే దేవతది పెద్దపీట. ఆ దేవతా నాద్లేహీయే.

క్లా 1867లో పుట్టారు. అమెరికా సైన్యం నవహోలను బోస్క్ రెడోండో శిబిరానికి నడిపించుకుపోయిన బందీకాలం అప్పటికి ముగింపుకు వస్తోంది. 1868 ఒప్పందంతో జనం వెనక్కి వచ్చారు. 1849లో సైనికుల తూటాలకు చనిపోయిన నవహో నాయకుడు నార్బోనా క్లా వంశపు పెద్ద. ఈ చరిత్ర ఇక్కడితో వదిలేస్తున్నా, ఒక్క మాట మాత్రం: జ్ఞానం ఒక తరంలో తెగిపోవచ్చన్న భయం ఈ ఇంటికి పుస్తకాల్లోంచి రాలేదు.

1911లో క్లా పవిత్ర నృత్యకారుల బొమ్మలతో ఒక దుప్పటి నేశారు. ఊరు భగ్గుమంది. దాన్ని నాశనం చెయ్యమన్నారు. అది ఒక వర్తకుడి దుకాణం ద్వారా బయటికి పోయింది. 1919లో అసలు అడుగు పడింది: రాత్రి క్రతువులోని 'తిరిగే దుంగలు' అనే ఇసుక బొమ్మ మొత్తాన్ని మగ్గానికి ఎక్కించారు. దాన్ని కొన్నది జిల్లెట్ బ్లేడుల కింగ్ జిల్లెట్ భార్య. ఇసుక బొమ్మను నేయాలన్న ప్రయత్నాలు అంతకు ముందూ ఒకటీ అరా జరిగాయి. కానీ ఆ బొమ్మ వెనకున్న పాటలన్నీ తెలిసిన మనిషే మగ్గం ముందు కూర్చోవడం వేరు.

ఇక్కడ ఒక పక్కమాట. తిరిగే దుంగల బొమ్మ ఆకారం మన స్వస్తికమే. తెలుగు పాఠకులకు అదేమీ జంకు కలిగించదు. కానీ 1940లో నవహో, హోపీ, అపాచీ, తొహోనో ఓదమ్ ప్రతినిధులు, నాజీలు ఆ గుర్తును మైలపరిచారని చెప్పి, ఇకమీద తమ దుప్పట్ల మీదా బుట్టల మీదా దాన్ని వాడబోమని సంతకాలు పెట్టారు. కాబట్టి ఒక నేత మీద ఈ గుర్తు ఉందా లేదా అన్నది కాలం అంచనా వెయ్యడానికి కాస్త పనికొస్తుంది. కాస్తే.

ఇసుకలోంచి ఊలులోకి రావడం నకలు తీయడం కాదు. ప్రతి మెట్టులోనూ పని తలకిందులవుతుంది. ఇసుక బొమ్మ నడి మధ్య నుంచి మొదలవుతుంది. నేత అడుగు అంచు నుంచి మొదలవుతుంది. మగ్గం మీద నడి బొమ్మ వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. నడి మధ్యకు పాదాలు పెట్టి నాలుగు దిక్కులా నిలబడ్డ దేవతలుంటే, కింది దేవత తలకిందులుగా వస్తుంది, పక్కవాళ్ళు అడ్డంగా పడుకుని ఉంటారు. ముఖం ముందు, పాదం తర్వాత అనే క్రమం మిగలదు. ఒక్క వరస పేకలో ముగ్గురు నలుగురి శరీరాల ముక్కలు వస్తాయి. బొమ్మ మొత్తం ముందే బుర్రలో నిలబడకపోతే ఇది కుదరదు.

వలయాలు ఇంకో బాధ. పడుగు నిలువు, పేక అడ్డం, గుండ్రం లేదు. మెట్లు మెట్లుగా ఎక్కి దిగుతూ గుండ్రం అనిపించాలి. పేకను ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా దిగ్గొడితే వలయం కోడిగుడ్డవుతుంది. ఇసుకలో పైన ఇసుక చల్లితే తప్పు సర్దుకుంటుంది. ఇక్కడ తప్పు దాకా విప్పుకుంటూ రావాలి. పొరలు అసలే కుదరవు: ఇసుకలో బట్టల కింద దేహం ఉంటుంది, నేతలో ఉన్నది పైపొర ఒక్కటే. మ్యూజియంలో నేతను చూసి ఇసుక బొమ్మ ఇలాగే ఉంటుంది అనుకుంటే పోయేది ఇదే.

పైగా నవహో నేతలో పడుగు కత్తిరించరు. నాలుగు అంచులూ మూసుకునే మగ్గం మీంచి దిగుతాయి. అంచేత పై అంచు దగ్గర పడేకొద్దీ పడుగు బిగుసుకుపోయి చెక్క దూరదు. సన్నటి పుల్లలకు దిగి, చివరికి సూదితో ఒక్కొక్క దారమే దూర్చాలి. బొమ్మ పది అడుగులు దాటితే చెయ్యి అందదు. నేసిన భాగాన్ని కిందికి దింపి మడిచి అడుగు దూలానికి కుట్టుకుంటారు. ఆ కుట్ల ఆనవాళ్ళు పాత పెద్ద నేతల మీద అడ్డంగా కనబడతాయి. క్లా అలాంటి పెద్ద పనులకు ప్రత్యేకంగా పెద్ద మగ్గాలు నిలబెట్టుకున్నారు. నేపథ్యానికి రంగు అద్దని ఊలు వాడారు, హోగన్ నేలమీద పరిచిన ఇసుక రంగులో.

ఈ పని చేస్తే చూపు పోతుందని, కాళ్ళూ చేతులూ పడిపోతాయని జనం భయం. క్లా క్రతువుతో తనను కాచుకున్నారు. తోబుట్టువు కూతుళ్ళు ఇద్దరు మగ్గం ముందు కూర్చునేముందు వాళ్ళకూ చేశారు. ఏ కీడూ రాకపోవడం చూశాక ఇరుగూపొరుగూ మెత్తబడ్డారు. నేతగాళ్ళకే వైద్యం చెయ్యగలిగే నేతగాళ్ళు ఉండడం వల్ల సాధ్యపడిన పని ఇది. నాద్లేహీ అన్న మాటను తీసేస్తే ఈ వాక్యానికి అర్థం ఉండదు.

ఇప్పుడు భద్రపరచడం సంగతి. న్యూ మెక్సికోలోని వర్తక దుకాణానికి 1914లో వచ్చిన న్యూకూంబ్ దంపతుల్లో ఫ్రాంక్ న్యూకూంబ్ (ఆవిడే, ఇంగ్లీషు పేరు చూసి పొరబడవద్దు) క్లా క్రతువులకు వెళ్ళేవారు. లోపల కాగితం తియ్యకూడదు. చూసింది గుర్తుపెట్టుకుని ఇంటికి వచ్చి గీసేవారు. గుర్తు చెదిరిన చోట క్లాయే సరిదిద్దేవారు. అలా వందల బొమ్మలు కాగితం మీదికి వచ్చాయి. 1921లో బోస్టన్ సంపన్న కుటుంబానికి చెందిన మేరీ కాబట్ వీల్‌రైట్‌తో పరిచయమైంది. ఆవిడ క్లా చెప్పిన కథల్ని దుబాసీ ద్వారా విని రాసుకున్నారు. పాటల్ని శబ్దయంత్రంలోకి ఎక్కించారు.

ప్రతి మజిలీలోనూ జారిపోయింది ఒకటుంది. కాగితం మీదికి వచ్చిన బొమ్మకు చట్రం వచ్చింది. దుబాసీ నోట్లోంచి వచ్చిన కథకు ఇంగ్లీషు లింగాలు వచ్చాయి, నాద్లేహీ దేవత ఒక వాక్యంలో ఒకలా ఇంకో వాక్యంలో ఇంకోలా అయ్యింది. ఎక్కించిన పాటకు ఋతువు పోయింది. రాత్రి క్రతువు శీతాకాలానిది, తొలి మంచు నుంచి వసంతపు తొలి ఉరుము దాకే పాడాలి. డిస్కుకు ఆ సంగతి తెలియదు, జూలైలోనూ మోగుతుంది. చివరికి ఊలు నేతల విభాగానికి, బొమ్మలు చిత్రాల విభాగానికి, పాటలు ధ్వని విభాగానికి, కథ పుస్తకాల బీరువాకు పోయాయి. ఒక్క మనిషి చేతిలో కలిసి ఉన్నది నాలుగు గదుల్లోకి విడిపోయింది. ఏ గది కార్డు మీదా 'నాద్లేహీ' అని రాయాల్సిన అవసరం ఆ గదికి కనబడలేదు, ఎందుకంటే ఒక్కో గదిలోనూ సగం పనే ఉంది.

క్లా పని మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ళు ఆ కార్డు చదివేటప్పుడు మూడు సంగతులు వెతకాలి. నేసింది క్లాయా, ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరా? చాలాచోట్ల అన్నిటినీ క్లా పద్దులోనే వేస్తారు. బొమ్మ ఏ క్రతువుది, అందులో ఎన్నో రోజుది? ఆ మాట లేని వివరణ గోడకు వేళ్ళాడే అలంకారం గురించి చెబుతోందని అర్థం. మూడోది, తూర్పు ఎటు? ఇంద్రధనుస్సు తెరిచిన వైపు చూస్తే తెలుస్తుంది. దాన్ని బట్టి ఆ నేతను సరైన దిక్కుకు వేలాడదీశారో లేదో మీరే చెప్పగలరు.

క్లాను 'ట్రాన్స్‌జెండర్ పెర్ఫార్మెన్స్ ఆర్టిస్ట్' అనొచ్చా? ఈమధ్య కొందరు అంటున్నారు. నాకు రెండు సగాలూ కుదరవు. క్లా ఫొటోల్లో మగవాళ్ళ బట్టల్లోనే కనబడతారు. నాద్లేహీ అన్నది పుట్టిన లింగం నుంచి ఇంకోదానికి వెళ్ళిన ప్రయాణం పేరు కాదు, సమాజంలో ఒక చోటు పేరు. ఆదివాసీ తెగలన్నిటికీ కలిపి వాడే 'టూ స్పిరిట్' అన్న మాట 1990లో విన్నిపెగ్ సమావేశంలో పుట్టింది, క్లా పోయిన యాభై మూడేళ్ళకు. ఇక ప్రదర్శన అంటారా, క్రతువుకు ప్రేక్షకులు లేరు, రోగి ఉన్నారు. 1934లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో క్లా జనం ముందు ఇసుక బొమ్మలు పోశారు. అది మాత్రం ప్రదర్శనే. ఆ తేడా క్లాకు తెలుసు, మనం చెరపక్కర్లేదు.

అలాగని వెనకటి గౌరవాన్ని చూపించి మురిసిపోవడం కూడా తప్పే. 2001లో కొలరాడోలోని కోర్టెజ్‌లో పదహారేళ్ళ నవహో నాద్లేహీ హత్యకు గురయ్యారు. 2005లో నవహో జాతి మండలి స్వలింగ వివాహాలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అధ్యక్షుడు తిరస్కరిస్తే, ఆ తిరస్కారాన్ని దాటి మరీ నెగ్గించింది. పుట్టుక కథలో పెద్దపీట ఉన్నంత మాత్రాన వీధిలో రక్షణ దొరకదు.

మ్యూజియం ఎందుకు పుట్టిందో కూడా చెప్పుకోవాలి. క్లా తన తర్వాత క్రతువుల్ని మొయ్యడానికి బేయల్ బెగే అనే శిష్యుణ్ణి తయారు చేసుకున్నారు. ఆయన 1931లో చనిపోయారు. అప్పటికి క్లాకు అరవై దాటాయి. మళ్ళీ ఒకరికి మొదటి పాట నుంచి నేర్పే వ్యవధి లేదు. ఆ తర్వాతే సాంటా ఫేలో వీల్‌రైట్ తలపెట్టిన కట్టడానికి క్లా సామగ్రి చేరింది. 1937 ఫిబ్రవరిలో క్లా పోయారు. అదే ఏడాది నవంబరులో హోగన్ ఆకారంలో, ఎనిమిది పక్కలతో, తూర్పు ద్వారంతో మ్యూజియం తెరుచుకుంది. కొద్ది కాలానికే దానికి 'నవహో క్రతుకళా మ్యూజియం' అన్న పేరు వచ్చింది.

నలభై ఏళ్ళకు, 1977లో, ఆ సంస్థ క్రతువుల్లో వాడే పవిత్రమైన వైద్యమూటల్ని నవహోలకు తిరిగి ఇచ్చింది. అవి సైలీలోని నవహో కళాశాల సాంస్కృతిక కేంద్రానికి చేరాయి. తిరిగి ఇచ్చి తీరాలని అమెరికా చట్టం చేసింది 1990లో. అంటే చట్టం తరమకముందే ఇచ్చారు. ఇచ్చిన ఆ 1977లోనే మ్యూజియం పేరు కూడా మార్చుకుంది. వైద్యమూట వాడితేనే బతుకుతుంది, అందులో వస్తువులు మార్చుతారు, చేరుస్తారు, పాడతారు. బీరువాలో పెట్టి తాళం వేసిన మూటను భద్రపరిచామని ఎలా అంటాం? అలా తిరిగి ఇవ్వడం క్లా పనికి జరిగిన మేళ్ళలో పెద్దదని నా అభిప్రాయం. కొందరు పరిశోధకులకు ఇది నచ్చదు, సామగ్రి అందుబాటులోంచి పోయిందంటారు. పోయింది నిజమే, అయితే వాళ్ళకు అందుబాటులోంచి.

ఊలు నేతలు మాత్రం మిగిలాయి. అవి అమ్మకానికి నేసినవి, క్లా తెలిసే అమ్మారు. తోబుట్టువు కూతుళ్ళిద్దరూ క్లా బొమ్మల్ని నేస్తూ వచ్చారు. వాళ్ళకు అందింది మగ్గం, గానం కాదు. 1931లో శిష్యుడితో పాటు అటువైపు దారి మూసుకుపోయింది. వాళ్ళు నేసిన వాటిలో ప్రతి గీతా క్లా చూపించిన చోటే ఉంటుంది. ఆ గీత దగ్గర ఏ పాట పాడాలో చెప్పడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.